బాప్తిస్మపు పేరే బడి పేరు కావాలి: వికారాబాద్, తాండూరు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

మెథడిస్టు సంఘాల పాస్టరు అయ్యగార్లకు, స్త్రీల సమాజం అమ్మగార్లకు, సంఘ పెద్దలందరికీ,

మీ సంఘాల్లో ఆడబిడ్డ పుడితే పేరు మాట ముందుగా వచ్చేది మీ దగ్గరికే. అయ్యగారూ, బైబిల్లోంచి ఒక మంచి పేరు చెప్పండి అని అడిగే తల్లిదండ్రులు వికారాబాద్‌లో, తాండూరులో, ధారూరు, పెద్దేముల్, బషీరాబాద్ వైపు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. మీరు చెప్పిన పేరు బాప్తిస్మపు రిజిస్టర్లో ఎక్కుతుంది. ఆ తర్వాత అది మున్సిపాలిటీ కాగితంలోకి, అంగన్‌వాడీ పుస్తకంలోకి, బడి హాజరు పట్టీలోకి చేరిందా లేదా అని మాత్రం ఎవరూ అడగరు. ఎన్నో ఇళ్లలో చేరడం లేదు. చర్చిలో రూతు అయిన పాప బడిలో అనిత అవుతోంది. చర్చిలో హన్నా ఆధార్ కార్డులో స్వప్న అవుతోంది. ఇంకొన్ని ఇళ్లలో హీబ్రూ పేరే కాగితాల్లోకి ఎక్కుతోంది గానీ ఆ పేరు ఎవరిదో, ఆమె ఏం చేసిందో పెట్టినవారికే తెలియదు. ఫోనులో కనిపించిన పట్టికలో చప్పుడు బాగుందని పెట్టారు, అంతే. ఈ రెండూ బిడ్డకు నష్టమేనని చెప్పడానికే ఈ లేఖ. ఆడబిడ్డకు హీబ్రూ పేరు పెట్టాలనుకుంటే ఆ పేరు మోసిన స్త్రీని తెలుసుకుని పెట్టాలి. పెట్టిన పేరునే అన్ని కాగితాల్లో ఒకే రాతతో బహిరంగంగా ఎక్కించాలి. ఇది ఒక్కో ఇల్లు ఒంటరిగా చేయగలిగేది కాదు. సంఘం పూనుకుంటేనే జరుగుతుంది.

మొదట ఎదురయ్యే ఆక్షేపణ, ఇవి మన పేర్లు కావన్నది. పరాయి భాష పేర్లు మనకెందుకని సంఘం బయటివారే కాదు, లోపలివారూ అంటున్నారు. ఈ ప్రాంతపు చరిత్ర ఆ మాటకు ఎదురు నిలుస్తుంది. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి వైపు నిజాం రైలుమార్గం వేసినప్పటి నుంచి వికారాబాద్, తాండూరు స్టేషన్లలో తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ మాట్లాడేవారు కలిసే దిగారు, కలిసే ఎక్కారు. మెథడిస్టు మిషన్ వికారాబాద్‌లో ఆసుపత్రి పెట్టింది, ఆడపిల్లలకు బడి పెట్టింది. ఆ బడికి ఉన్న మేరీ నాట్స్ పేరులోని మేరీ కూడా హీబ్రూ మిర్యాము నుంచి దిగివచ్చిందే. ధారూరు దగ్గర ఏటా నవంబరులో జరిగే క్రైస్తవ జాతరకు తెలంగాణ పల్లెలతో పాటు కర్ణాటక, మహారాష్ట్రల నుంచీ కుటుంబాలు బండ్లు కట్టుకుని వస్తాయి. అక్కడ ఒక్క పూట నిలబడి తల్లులు పిల్లల్ని పిలిచే పిలుపులు వింటే చాలు. మరియమ్మ, సారమ్మ, రూతమ్మ, ఎస్తేరమ్మ, రాహేలమ్మ, సుశన్నమ్మ వినిపిస్తారు. చివర అమ్మ చేర్చుకుని ఈ పేర్లు పొలం పనుల్లో, పురుళ్లలో, పెళ్లి పిలుపుల్లో తరాలుగా నలిగాయి. రూత్ అన్నది మన నోట రూతు అయింది, రాహేల్ రాహేలు అయింది, ఎస్తేర్ ఎస్తేరు అయింది. ఇన్ని తరాల నోళ్లలో ఇలా మెత్తబడిన పేరును పరాయిదనడం ఆ తరాలను లేవనడమే.

ఈ పేర్లు క్రైస్తవుల సొత్తు మాత్రమే కాదన్నదీ గుర్తుంచుకోవాలి. తాండూరు వీధుల్లో ముస్లిం ఇళ్ల ఆడపిల్లలకు మర్యం, సారా, హాజరా అనే పేర్లున్నాయి. అవి అరబీ దారిన వచ్చాయి, మనవి తెలుగు బైబిల్ దారిన వచ్చాయి, ఊట ఒక్కటే. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో మాదిగ కుటుంబాలకు చెందిన కొందరు తమను యూదులుగా, ఎఫ్రాయిము సంతతిగా చెప్పుకుని 1991లో ప్రార్థనా మందిరం ఏర్పాటు చేసుకున్నారు. వారి మీద 2013లో ఒక పరిశోధన గ్రంథం కూడా వచ్చింది. వారికి హీబ్రూ పేరు పూర్వీకుల జాడ, మీకు అది విశ్వాసపు జాడ. ఇద్దరి మధ్య మతం వేరైనా, ఊరి చివర ఇళ్లున్నవారు తమ బిడ్డలకు తలెత్తుకునే పేరు వెతుక్కున్న తీరు ఒకటే. ఇక సాహిత్యంలోకి వస్తే, 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా పేరు హీబ్రూ యెహోషువ నుంచి వచ్చింది. ఆ పేరు తీసేసి ఆధునిక తెలుగు పద్యం గురించి మాట్లాడగలవారెవరు? బైబిల్ కథల్లోనే ఎందరు పరాయివారున్నారో చూడండి. రూతు మోయాబీయురాలు. మోషే భార్య సిప్పోరా మిద్యాను అమ్మాయి. శారా ఊరు అనే పట్టణం నుంచి బయలుదేరి కనాను చేరింది. పుట్టిన చోట ఒకటి, నిలిచిన చోట మరొకటి అయిన స్త్రీల పేర్లివి. తెలుగునేల మీద నిలవడానికి వాటికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

అయితే పేరును ఎంచుకునే తీరు ఈ మధ్య మారింది, ఆ మార్పు మంచి వైపు పోవడం లేదు. తొట్టెల కార్యానికి ముందు రోజు ఫోను తీసి హీబ్రూ ఆడపిల్లల పేర్లు అని వెతికితే వందల పేర్లు, పక్కనే ఒక్కో మాటలో అర్థాలు వస్తాయి. వాటిలో చాలా పేర్లు హీబ్రూవే కావు. లూదియ, ఫీబే, రోదే గ్రీకు పేర్లు. ప్రిస్కిల్ల లాటిన్ పేరు. మార్త, తబితా అరామిక్ పేర్లు. జెస్సికా అన్నది ఆ రూపంలో షేక్స్పియర్ నాటకంతో లోకానికి పరిచయమైంది. గ్రేస్, మెర్సీ, బ్లెస్సీ ఇంగ్లిష్ మాటలు. ఇవి చెడ్డ పేర్లని అనడం లేదు. ఒకటని చెప్పి మరొకటి ఇవ్వడం తగదనే అంటున్నాను. అర్థాల సంగతి ఇంకా కష్టం. మిర్యాము పేరుకు ఖచ్చితమైన అర్థమేమిటో పండితులు ఇంతవరకు తేల్చలేదు. రిబ్కా పేరు విషయమూ అంతే. రూతు పేరుకు అర్థం చెప్పే పని బైబిల్ అసలు పెట్టుకోలేదు. అయినా పట్టికలు ఒక్కో పేరుకు ఒక్కో తియ్యటి అర్థం కట్టిపెడతాయి. నోయా పేరు చూసి నోవహుకు ఆడరూపమనుకుని పెట్టేవారున్నారు. ఆ రెండూ హీబ్రూలో వేర్వేరు అక్షరాలతో రాసే వేర్వేరు పేర్లు. అర్థం మీద ఆధారపడి పేరు పెడితే ఆ అర్థం తప్పని తేలిన రోజు బిడ్డ చేతిలో ఏమీ మిగలదు. మనిషి మీద ఆధారపడి పెడితే ఆమె బతుకు కథ ఎప్పటికీ మిగులుతుంది.

అలాంటి మనుషులు తెలుగు బైబిల్లో ఎందరో ఉన్నారు, మనం తలచేది మాత్రం ఐదారుగురినే. నిర్గమకాండం మొదట్లో షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులు కనిపిస్తారు. మగబిడ్డ పుడితే చంపమని ఫరో ఆజ్ఞాపిస్తే వారు చంపలేదు. ఆ ఫరో పేరేమిటో గ్రంథం చెప్పదు, మంత్రసానులిద్దరి పేర్లూ చెబుతుంది. పుట్టబోయేది ఆడో మగో తెలుసుకుని కడుపులోనే తుంచేయకుండా 1994లో చట్టం తెచ్చుకోవలసి వచ్చిన దేశంలో, పుట్టిన ఆడబిడ్డకు షిఫ్రా అని పేరు పెట్టడంలో ఎంత బలముందో ఆలోచించండి. దెబోరా ఖర్జూర చెట్టు కింద కూర్చుని ఇశ్రాయేలీయులకు న్యాయం తీర్చింది. యోషీయా రాజు కాలంలో మందిరంలో ధర్మశాస్త్ర గ్రంథం దొరికినప్పుడు దాని సంగతి తేల్చుకోవడానికి రాజు తన యాజకుణ్ణీ అధికారులనూ హుల్దా ప్రవక్త్రి దగ్గరికి పంపాడు. అబీగయీలు ఎదురెళ్లి మాట్లాడి దావీదు చేతులకు నెత్తురంటకుండా ఆపింది. న్యాయమూర్తి, చదువరి, సంధి కుదిర్చిన మనిషి. ఆడపిల్ల ఏమేం కాగలదో చెప్పడానికి ఇంతకంటే సూటి పాఠాలు సండే స్కూల్లో వేరే వెతకనక్కరలేదు, వారి పేర్లు తరగతి గదిలో పలికితే చాలు.

ఇంతకుమించి విలువైన కథ సెలోపెహాదు కూతుళ్లది. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనే ఐదుగురు అక్కచెల్లెళ్లు. తండ్రి చనిపోయాడు, అన్నదమ్ములు లేరు. మా తండ్రి పేరు వంశంలోంచి ఎందుకు చెరిగిపోవాలి, మాకు భాగమివ్వండి అని వారు మోషే ముందు, యాజకుని ముందు, సమాజమంతటి ముందు నిలబడి అడిగారు. వారి మాట న్యాయమని తేలింది, కూతుళ్లకు వారసత్వమిచ్చే నియమం వచ్చింది. ఆ ఐదుగురి పేర్లను గ్రంథం ఒకసారి చెప్పి వదిలేయలేదు. సంఖ్యాకాండంలో మూడుచోట్ల, యెహోషువలో ఒకచోట వరుసగా చదివి వినిపిస్తుంది. యోబు కథ చివర కూడా ఇదే తీరు. ఆయనకు కష్టాల తర్వాత పుట్టిన కొడుకుల పేర్లు మనకు తెలియవు. కూతుళ్ల పేర్లు తెలుసు: యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. తండ్రి వారికి అన్నదమ్ములతో పాటు ఆస్తిలో భాగమిచ్చాడు. ఆడపిల్ల పేరు పదిమందిలో పలకడానికీ ఆమెకు భాగం దక్కడానికీ హీబ్రూ గ్రంథాల్లో ఇంత దగ్గరి సంబంధముంది. మన దేశంలో ఆ పోరాటాన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లి 1986లో కేరళ సిరియన్ క్రైస్తవ ఆడపిల్లలకు తండ్రి ఆస్తిలో సమాన వాటా సాధించిన స్త్రీ పేరు మేరీ రాయ్. 1925 నాటి భారత వారసత్వ చట్టం క్రైస్తవ కూతురికీ కొడుకుకీ తేడా చూపదు. మన దగ్గర తేడా చూపేది చట్టం కాదు, పట్టాదారు పాస్‌బుక్‌లో పేరు ఎక్కించే వేళ కుటుంబం. ఇంట్లో ఒక తిర్సా పెరిగితే, ఆ పేరు ఎవరిదని బంధువులు అడిగిన ప్రతిసారీ ఆ కథ చెప్పక తప్పదు. కూతురి వాటా ఆ ఇంట్లో మరిచిపోయే సంగతి కాకుండా పోతుంది.

బైబిల్ స్త్రీలందరి కథలూ సుఖంగా లేవు కదా, ఆ దుఃఖాన్ని బిడ్డకు ఎందుకు అంటగట్టాలి అని కొందరు అడుగుతారు. దీనా, తామారు, బత్షెబ మీద జరిగిన అన్యాయాలు నిజమే. ఆ పేర్లు వద్దనుకునే తల్లి మనసును ఎవరూ తప్పుపట్టకూడదు. కానీ దుఃఖం తగిలిన పేరల్లా అరిష్టమని వదిలేస్తే మనకు మిగిలే పేర్లు ఎన్ని? హన్నా ఏళ్ల తరబడి ఏడ్చింది. లేయాను భర్త పట్టించుకోలేదు. నయోమి మోయాబులో భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకుని బేత్లెహేముకు తిరిగివచ్చి, నన్ను ఇక ఆ పేరుతో పిలవకండి, మారా అనండి అని ఊరివారితో అంది. చేదు నిండిన బతుకుకు చేదు పేరే తగునని ఆమె నమ్మింది. కథ చెప్పేవాడు మాత్రం చివరిదాకా ఆమెను నయోమి అనే పిలిచాడు, ఆమె ఒడిలోకి మనవణ్ణి చేర్చేదాకా ఆ పేరు వదల్లేదు. ఏ కష్టమూ పడని మనిషి పేరు బిడ్డకు ఆదర్శమేమీ చూపదు. కష్టం పడి నిలబడినవారి పేర్లే పెట్టుకోదగినవి. మన పల్లెల్లో అమ్మమ్మ పేరు మనవరాలికి పెట్టేటప్పుడు అమ్మమ్మ కష్టాలు చూసి వెనకాడతామా?

ఇక అసలు చిక్కు రెండు పేర్ల దగ్గరుంది. ఇక్కడి సంఘాల్లో ఎక్కువమంది దళిత కుటుంబాల నుంచి వచ్చినవారే. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోని మూడో పేరా ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టింది. మొదట హిందువులకే ఉన్న ఆ హోదాను 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకూ ముస్లింలకూ ఇవ్వలేదు. తెలంగాణలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారినీ వారి సంతానాన్నీ బీసీ-సీ కింద లెక్కిస్తారు, దానికి ఉన్న రిజర్వేషన్ 1 శాతం. మతం మారినా వెలి మారలేదని, ఈ షరతు తీసేయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో నివేదిక ఇచ్చింది. మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో 2022 అక్టోబరులో కేంద్రం మరో కమిషన్ వేసింది. ఈలోగా కుటుంబాలు తమకు చేతనైన దారి పట్టాయి. బాప్తిస్మానికి ఒక పేరు, సర్టిఫికెట్‌కు ఒక పేరు. దీన్ని అబద్ధమనో విశ్వాసం చాలకపోవడమనో వేదిక మీద నుంచి తిట్టడం సులువు. అలా తిట్టడం అన్యాయం. పిల్లకు హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్ పోతుందేమోనని భయపడిన తల్లిదండ్రులు చేసిన పని అది. ఆ భయాన్ని పుట్టించింది వారు రాయని నిబంధన.

అయినా రెండు పేర్ల దారి వద్దంటున్నాను, ఎందుకంటే అది ఇస్తుందనుకున్న రక్షణ ఇవ్వడం లేదు. చట్టం చూసేది మతాన్ని, పేరును కాదు. పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇందుకు ఉదాహరణ. ఆమె పేరు బైబిల్ పేరేమీ కాదు. తాను హిందువునేనని ఆమె చెప్పుకుంది. చిన్ననాటి బాప్తిస్మాన్నీ క్రమం తప్పక చర్చికి వెళ్లడాన్నీ ఆధారంగా తీసుకుని న్యాయస్థానం ఆమె కోరిన ఎస్సీ ధ్రువపత్రాన్ని నిరాకరించింది. అంటే విచారణ వచ్చిన రోజు మాట్లాడేది మీ దగ్గరున్న రిజిస్టరే, బడిలో రాయించిన అనిత పేరు కాదు. దాచినందుకు దక్కేది ఇంత తక్కువైతే, దాచడానికి పిల్ల చెల్లించేది చాలా ఎక్కువ. తనకు రెండు పేర్లున్నాయని, వాటిలో ఒకటి బయట పలకకూడదని ఐదేళ్ల పిల్ల నేర్చుకుంటుంది. ఆదివారం ఒక మనిషిగా, సోమవారం ఇంకో మనిషిగా ఉండటం నేర్చుకుంటుంది. మగపిల్లలకు ఈ బాధ లేదనడం లేదు. కానీ పెళ్లితో ఇంటిపేరు, అడ్రసు అన్నీ మారే ఆడపిల్లకు సొంతమని మిగిలేది పిలుపు పేరొక్కటే. దాన్ని కూడా రెండు ముక్కలు చేసి ఇవ్వకూడదు.

రెండు పేర్ల బతుకు బైబిల్‌కు తెలియనిది కాదు. హదస్సా అనే హీబ్రూ పేరున్న అనాథ పిల్ల పారసీక రాజు కోటలో ఎస్తేరుగా బతికింది. నీ జాతి ఏదో చెప్పకు అని, ఆమెను పెంచిన మొర్దెకై జాగ్రత్త చెప్పాడు, ఆమె చెప్పలేదు. ఆ దాపరికాన్ని గ్రంథం నిందించదు. తన జనం ప్రాణాల మీదికి వచ్చినప్పుడు మాత్రం ఆమె పిలుపు లేకుండానే రాజు ముందుకు వెళ్లింది, తాను ఎవరో విందులో నోరు విప్పి చెప్పింది. జనం బతికింది ఆ మాట వల్లే. మీ సంఘాల ముందున్న పాఠం ఇదే అనుకుంటున్నాను. దాచుకున్న కుటుంబాలను తప్పుపట్టకండి, కానీ దాచుకోనక్కరలేని రోజు కోసం పదిమందిలో నోరు విప్పండి. 1950 ఉత్తర్వు మారాలన్న కోరికను వినతిపత్రాల్లో, కమిషన్ల ముందు, కోర్టుల్లో సంఘంగా అడగండి. ఒక్కో ఆడపిల్ల పేరు చాటున ఆ పోరాటాన్ని దాచిపెట్టకండి. ఇంకా జంకుగా ఉన్న ఇళ్లకు మధ్య దారి ఉంది. రెండు పేర్లను రెండు చోట్ల కాకుండా ఒకేచోట కలిపి పెట్టవచ్చు. 2006లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం అందుకున్న దళిత మహిళా ఉద్యమ నాయకురాలి పేరు రూత్ మనోరమ. ఎస్తేరు రాణి, మేరీ కుమారి వంటి పేర్లు మన సంఘాల్లో ఉన్నవే. ఆ జంట పేరు బాప్తిస్మపు రిజిస్టర్లోనూ జనన ధ్రువపత్రంలోనూ ఒకేలా ఉంటే పిల్ల రెండుగా చీలదు.

కాగితాల సంగతి ఇప్పుడు మునుపటిలా లేదు, అందుకే తొందర. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లో తెలియజేయాలి. అప్పటికి పేరు పెట్టకపోతే ఆ గడి ఖాళీగా వదిలి, ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆ తర్వాత ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల దాకా రాయించవచ్చు. 2023లో ఆ చట్టాన్ని సవరించారు. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, ఆధార్‌కు, ఓటుకు, పాస్‌పోర్టుకు, పెళ్లి నమోదుకు, ప్రభుత్వ ఉద్యోగానికి పుట్టిన తేదీ, చోటు తెలిపే ఆధారం జనన ధ్రువపత్రమే. ఇకముందు బడి చేరికప్పుడు అయ్యవారు రాసిన పేరుతో సర్దుకుపోవడం కుదరదు. హీబ్రూ పేర్లకు ఇక్కడే ఇంకో ఇబ్బంది. హెఫ్సీబా పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. రూతు చివర యు అక్షరం ఉండాలా వద్దా, రాహేలును మన పలుకుబడిలో రాయాలా ఇంగ్లిష్ బైబిల్ తీరులో రేచల్ అనాలా అన్నది ఆసుపత్రి గుమాస్తా తేల్చే పని కాకూడదు. పదో తరగతి మెమోలో ఒక రాత, ఆధార్‌లో ఇంకో రాత ఉంటే పాస్‌పోర్టు వేళ తిరగవలసింది ఆ అమ్మాయే. ప్రసవానికి ముందే తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ పేరు ఒక కాగితం మీద రాసి తల్లి దగ్గర ఉంచుకుంటే ఈ బాధ ఉండదు. నా వరకు తెలుగు బైబిల్ రాతనే ప్రమాణంగా పెట్టుకోమంటాను. నానమ్మ నోట పలికేదీ, వేదిక మీద చదివేదీ, కాగితంలో కనిపించేదీ ఒకటవుతాయి.

ఇవి పాతకాలపు పేర్లు, బడిలో తోటిపిల్లలు ఎగతాళి చేస్తారన్న మాట కూడా వింటున్నాం. కెరెంహప్పుకు అని పిలవమని ఎవరినీ బలవంతపెట్టను. నోరు తిరగని పేరు బిడ్డకు భారమే. కానీ సారా, హన్నా, నోయా, లేయా పేర్లలో పాతదనం ఎక్కడుంది? ఇజ్రాయెల్‌లో నోయా ఎన్నో ఏళ్లు ఆడపిల్లల పేర్లలో ముందు వరుసలో నిలిచింది. యోబు పెద్దకూతురి పేరును 2025 మహిళల ప్రపంచకప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 127 పరుగులతో అజేయంగా నిలిచిన జెమీమా రోడ్రిగ్స్ దేశమంతటి నోటా పలికించింది. ఆ రోజు ఎవరూ ఆ పేరును ఎగతాళి చేయలేదు. పేరుకు గౌరవం దాన్ని మోసే మనిషి వల్ల వస్తుంది. బిడ్డకు తన పేరు కథ తెలిసినప్పుడు ఎగతాళికి జవాబు ఆమె దగ్గరే ఉంటుంది, తెలియనప్పుడు ఏడుపే మిగులుతుంది. పేరు తల్లిదండ్రుల ఇష్టం, సంఘం ఎందుకు కలుగజేసుకోవాలి అని మీలో ఎవరైనా అడగవచ్చు. పెట్టే హక్కు వారిదే, అందులో రెండో మాట లేదు. కానీ అడిగినవారికి తోచిన పేరు చెప్పి పంపడం కూడా కలుగజేసుకోవడమే. ఆ పని ఎలాగూ చేస్తున్నారు కాబట్టి దాన్ని బాధ్యతగా చేయమంటున్నాను. తెలుగు పేరో సంస్కృత పేరో పెట్టుకుంటామన్న ఇంటిని అంతే ప్రేమతో దీవించండి. హీబ్రూ పేరు విశ్వాసానికి కొలబద్ద కానేకాదు.

మీరు చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కడుపుతో ఉన్న తల్లిని స్త్రీల సమాజం చూడబోయినప్పుడే పేరు మాట ఎత్తండి. ఐదారు పేర్లు, ఒక్కో పేరున్న స్త్రీ కథ, ఆ కథ ఉన్న అధ్యాయం తెలుగులో అచ్చువేసి చేతిలో పెట్టండి. బాప్తిస్మపు రిజిస్టర్లో పేరు రాసే ముందు జనన ధ్రువపత్రం తెచ్చి చూపించమనండి. రెండింట్లో తేడా ఉంటే తిట్టకుండా కారణం అడగండి, గడి ఖాళీగా ఉంటే ఏడాది గడవక ముందే పేరు ఎక్కించడానికి మీలో ఒకరు వెంట వెళ్లండి. బాప్తిస్మం ఇచ్చే ఆదివారం ప్రసంగంలో ఆ పేరున్న స్త్రీ గురించి పది నిమిషాలు చెప్పండి. సండే స్కూల్లో ప్రతి ఆడపిల్లా తన పేరు కథను తానే లేచి చెప్పేలా నేర్పండి. రాబోయే ధారూరు జాతరలో, వేల కుటుంబాలు ఒక్కచోట చేరే ఆ రోజుల్లో, పేర్ల గురించీ ధ్రువపత్రాల గురించీ 1950 ఉత్తర్వు గురించీ ఒక పూట మాట్లాడించండి. సెలోపెహాదు కూతుళ్లు సమాజమంతటి ముందు నిలబడి అడిగారు, వారికి భాగం దక్కింది. మీ సంఘాల్లో ఈ ఏడాది పుట్టే ఆడబిడ్డలు ఇంకా అడగలేరు. వారి తరఫున అడగవలసినవారు మీరే. ఆ పనిని ఈ ఏడాదే మొదలుపెట్టమని కోరుతున్నాను.

గౌరవంతో, నమ్మకంతో,
మీ సంఘాల ఆడబిడ్డల మేలు కోరే ఒక తెలుగు రచయిత